కారు లోపలి ప్లాస్టిక్ మీది పెయింట్ తీయడం: ప్లాస్టిక్ చెడకుండా, గ్రెయిన్ పోకుండా

థిన్నర్‌లో ముంచిన గుడ్డతో గేర్ చుట్టూ ఉండే ప్యానెల్‌ను రుద్దితే మొదటి రెండు రుద్దులకే రంగు గుడ్డకు ఎక్కుతుంది. మూడో రుద్దుకు గుడ్డ జారడం మానేసి పట్టేస్తుంది. నాలుగో రుద్దుకు గుడ్డలోని నూలుపోగులు ప్యానెల్‌కే అతుక్కుంటాయి. అప్పటికే పని చెడిపోయింది. కరుగుతున్నది పెయింట్ కాదు, దాని కింద ఉన్న ప్లాస్టిక్. ఆరాక అక్కడ అద్దంలా మెరిసే మచ్చ ఒకటి మిగులుతుంది. చుట్టూ ఉన్న సన్నటి తోలు గీతల్లాంటి గ్రెయిన్ ఆ మేర చదునై పోతుంది. దాన్ని మళ్లీ తెప్పించే మార్గం లేదు.

డెంటింగ్, పెయింటింగ్ షాపుల్లో థిన్నర్ అలవాటు రేకు పని నుంచి వచ్చింది. రేకును థిన్నర్ ఏమీ చేయదు కాబట్టి అక్కడ అది సరైన పద్ధతే. కారు లోపల ఉన్నది రేకు కాదు, నాలుగైదు రకాల ప్లాస్టిక్కులు. ఒక్కొక్కటి ఒక్కో ద్రావకానికి లొంగుతుంది. కాబట్టి సీసా మూత తీసే ముందు రెండు సంగతులు తేల్చుకోవాలి: అది ఏ ప్లాస్టిక్, పైనున్నది ఏ పెయింట్. ఈ రెండూ తెలిస్తే సగం పని అయినట్టే.

అది ఏ ప్లాస్టిక్?

ప్యానెల్ ఊడదీసి వెనక్కి తిప్పండి. అచ్చులోనే పోసిన చిన్న అక్షరాలు ఎక్కడో ఒకచోట ఉంటాయి. రెండు బాణం గుర్తుల మధ్య ప్లాస్టిక్ పేరు రాసి ఉంటుంది. ఎక్కువగా కనిపించేవి ఇవి.

ఏబీఎస్: స్టీరియో చుట్టూ ఉండే ఫ్రేము, ఏసీ వెంట్ల అంచులు, గేర్ ప్యానెల్, పవర్ విండో స్విచ్చుల ప్లేటు చాలా కార్లలో దీనివే. గోటితో కొడితే టక్కుమని గట్టి చప్పుడు వస్తుంది. అసిటోన్, థిన్నర్, పెయింట్ రిమూవర్ మూడూ దీన్ని కరిగిస్తాయి.

పీసీ+ఏబీఎస్: చూడ్డానికి ఏబీఎస్ లాగే ఉంటుంది, వేడిని, దెబ్బను ఎక్కువ తట్టుకుంటుంది. ఇందులోని పాలీకార్బొనేట్‌కు ద్రావకాలతో పాటు కాస్టిక్ సోడా కూడా పడదు.

పీపీ: డోర్ కింది ప్యానెళ్లు, పిల్లర్ కవర్లు (కారు పైకప్పును మోసే స్తంభాల మీదివి), గ్లవ్ బాక్స్, సీటు పక్కన ఉండే కవర్లు. చేతికి కాస్త మైనంలా జారుడుగా తగులుతుంది. పేరు పక్కన టీడీ20 అని ఉంటే అందులో 20 శాతం టాల్క్ పొడి కలిపారని అర్థం.

పీఏ6: నైలాన్. లోపలి డోర్ హ్యాండిల్ లివర్లు, కొన్ని బ్రాకెట్లు. గాజు పీచు కలిపి ఉంటే పక్కన జీఎఫ్ అని ఉంటుంది.

అక్షరాలు చెరిగిపోతే ఏం చేయాలి? ముక్కను నీళ్లలో వేసి చూడమని చాలామంది చెబుతారు. పీపీ తేలుతుంది, ఏబీఎస్ మునుగుతుంది అని. మామూలు పీపీ విషయంలో అది నిజమే, దాని సాంద్రత 0.9 దగ్గర. కానీ కారు భాగాల్లో టాల్క్ కలిపిన పీపీ ఎక్కువ. 20 శాతం టాల్క్ కలిస్తే సాంద్రత 1.04 దాకా పెరిగి ఏబీఎస్‌తో సమానమవుతుంది, రెండూ మునుగుతాయి. కాబట్టి తేలితే పీపీ అని నమ్మవచ్చు, మునిగితే ఏమీ తేలనట్టే. అంతకంటే నమ్మకమైన పరీక్ష గోళ్ల రంగు తీసే అసిటోన్‌తో. సీసా మీద అసిటోన్ అని రాసి ఉన్నదే తీసుకోండి, అసిటోన్ లేని రకాలూ వస్తున్నాయి. చెవిపుల్ల కొనను అందులో తడిపి, ప్యానెల్ వెనకవైపు, బిగించాక కనపడని చోట పది సెకన్లు రుద్దండి. బంకగా, నిగనిగలాడుతూ మారితే ఏబీఎస్ కుటుంబం. ఏ మార్పూ లేకుండా ఆరిపోతే పీపీ కానీ నైలాన్ కానీ. ఈ పరీక్ష వెనకవైపుకే, ముందువైపు వద్దు.

పీపీ అని తేలితే సంతోషించండి. పీపీకి పెయింట్ పట్టదు. ముందుగా అడ్హీషన్ ప్రమోటర్ అనే ప్రత్యేకమైన ప్రైమర్ కొడితే తప్ప రంగు దాని మీద పొరలా కూర్చుంటుంది అంతే. ఇంట్లో స్ప్రే డబ్బాతో కొట్టిన పెయింట్ అయితే చాలాసార్లు ద్రావకం అక్కర్లేకుండానే వస్తుంది. గోటితో ఒక అంచు లేపండి, వెడల్పు గోధుమరంగు టేపును గట్టిగా అదిమి అతికించండి. నిలువుగా లాగకుండా, ప్యానెల్‌కు దాదాపు ఆనించినట్టు పడుకోబెట్టి వెనక్కి లాగండి. పెయింట్ పెచ్చులు పెచ్చులుగా టేపుతో పాటు వస్తుంది.

పైనున్నది ఏ పెయింట్?

99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్, అంటే అందరూ ఐపీఏ అనేది, తెల్ల గుడ్డ మీద వేసి కనపడని మూలలో 30 సెకన్లు రుద్దండి. తెల్ల గుడ్డే వాడాలి, అప్పుడే రంగు దిగుతోందో లేదో తెలుస్తుంది.

రంగు గుడ్డకు అంటితే అది మామూలు స్ప్రే డబ్బా పెయింటో, గోడ రంగో, పాడైన సాఫ్ట్ టచ్ పూతో (కంపెనీ వేసే వెల్వెట్ లాంటి మెత్తటి పూత) అయి ఉంటుంది. మూడూ ఐపీఏకి లొంగుతాయి. రంగు అంటకుండా పై మెరుపు మాత్రం కాస్త తగ్గితే, బ్రష్ గీతలు కనపడుతుంటే, అది ఇంటి తలుపులకు వేసే ఆయిల్ పెయింట్ కావచ్చు. అసలు చలనమే లేకపోతే అది హార్డెనర్ కలిపి కొట్టిన టూకే పెయింట్. కంపెనీ వేసే వెండి రంగు, పియానో బ్లాక్ పూతలు ఎక్కువగా ఈ జాతివే.

ఇంకో చూపు కూడా అవసరం. ప్యానెల్ వెనకవైపు రంగు గమనించండి. వెనక నలుపు, ముందు వెండి అయితే వెండి రంగు తీశాక మీకు మిగిలేది నలుపు ప్యానెలే. అది మిగతా డ్యాష్‌బోర్డుతో కలుస్తుందో లేదో ఇప్పుడే ఆలోచించుకోండి.

వీటి జోలికి పోవద్దు

ఎయిర్‌బ్యాగ్ ఉన్న కవర్లు: స్టీరింగ్ మధ్య భాగం, ఎడమవైపు సీటు ఎదురుగా డ్యాష్‌బోర్డు పైభాగం, కర్టెన్ ఎయిర్‌బ్యాగులున్న కార్లలో పిల్లర్ కవర్లు. ఎయిర్‌బ్యాగ్ తెరుచుకునేటప్పుడు ఆ కవర్ ఫలానా గీత వెంబడి చిరగాలని లెక్కేసి చేస్తారు. ద్రావకం ఆ పలుచని గీతను పెళుసు చేస్తే అది ముక్కలై ఎగిరే ప్రమాదం ఉంది. పెయింట్ ఎంత అసహ్యంగా ఉన్నా అక్కడ సబ్బు నీళ్ల తడిగుడ్డకు మించి వాడకండి. కవర్ మార్పించడమే దారి.

లైటు వెలిగే మీటలు: రాత్రిపూట గుర్తు వెలిగే స్విచ్ చాలావరకు తెల్లటి లేదా లైటు దిగే ప్లాస్టిక్‌తో చేస్తారు. దాని మీద నల్ల పెయింట్ వేసి, గుర్తు ఆకారంలో ఆ పెయింట్‌ను లేజర్‌తో తొలుస్తారు. అంటే గుర్తును చూపించేది ఆ పెయింటే. దాన్ని తీసేస్తే స్విచ్ మొత్తం తెల్లగా వెలుగుతుంది, ఏ స్విచ్ దేనికో తెలియదు.

మీటర్ల మీది పారదర్శక కవర్, టచ్ స్క్రీన్: కవర్ యాక్రిలిక్ అయితే ఆల్కహాల్‌కు సాలెగూడు లాంటి సన్నటి బీటలు వస్తాయి. స్క్రీన్ మీద మెరుపు తగ్గించే పూత లేచిపోతుంది. పని మొదలెట్టే ముందే రెంటినీ పాలిథిన్ కప్పి టేపు వేయండి.

క్రోమ్ భాగాలు: అది పెయింట్ కాదు. ఏబీఎస్ మీద రాగి, నికెల్, క్రోమియం పొరలు వరసగా ఎక్కించినది. ఇంట్లో తీయలేరు.

సీటు బెల్టు: దాని మీద ఏ ద్రావకమూ పడకూడదు, పట్టీ బలం తగ్గుతుంది.

సామాను

నాలుగు డోర్ హ్యాండిళ్లు, మధ్య ప్యానెల్, గేర్ ప్యానెల్ కలిపి ఒక లీటరు ఐపీఏ సరిపోతుంది, మిగిలినా మిగలవచ్చు. 99 శాతందే తీసుకోండి. హైదరాబాద్‌లో కోఠి గుజరాతీ గల్లీ ఎలక్ట్రానిక్స్ షాపుల్లో సర్క్యూట్ బోర్డులు కడగడానికి అమ్ముతారు, కెమికల్ షాపుల్లోనూ దొరుకుతుంది. మెడికల్ షాపులోని సర్జికల్ స్పిరిట్ పలుచని పూతలకు పనిచేస్తుంది కానీ నీళ్ల శాతం ఉన్నందువల్ల నెమ్మది. చేతులకు రాసుకునే శానిటైజర్ వద్దు. అందులోని గ్లిజరిన్, జెల్ జిడ్డుగా మిగిలి తర్వాత వేసే రంగును పట్టనివ్వవు.

ఇంకా కావలసినవి: నైట్రైల్ గ్లవ్స్ (పలుచని రబ్బరు గ్లవ్స్ ఎక్కువసేపు నిలవవు), కళ్లద్దాలు, కిలో తెల్ల బనీన్ వేస్ట్ (బనీన్ గుడ్డ ముక్కలు), టిష్యూ పేపర్ రోల్, వంటింట్లో గిన్నెల మీద చుట్టే క్లింగ్ ఫిల్మ్, మెత్తటి టూత్ బ్రష్షులు రెండు, కాలం చెల్లిన ఏటీఎం కార్డు, ఐస్‌క్రీమ్ పుల్లలు, గిన్నెలు కడిగే ద్రవం. ప్యానెళ్లు ఊడదీయడానికి ప్లాస్టిక్ ట్రిమ్ పనిముట్ల సెట్టు, స్టార్ స్క్రూడ్రైవర్, 10 నంబర్ సాకెట్. బ్లేడు, ఇనుప పీచు ఇంట్లోనే వదిలేయండి.

ఐపీఏ ఆవిరి 12 డిగ్రీల దగ్గరే నిప్పు అందుకుంటుంది. మన వాతావరణంలో అంటే దాదాపు ఏడాది పొడవునా. అది గాలి కంటే బరువు కాబట్టి కింద నేల వెంబడి పాకుతుంది. వంటగదిలో, దీపం వెలిగే గది పక్కన, మోటారు స్విచ్ దగ్గర ఈ పని పెట్టుకోకండి. వరండానో, డాబా మీద నీడ పట్టో మేలు.

ఊడదీయడం

భాగాన్ని కారులో ఉంచే పని కానిచ్చేద్దామనిపిస్తుంది. రెండు కారణాల వల్ల వద్దు. ద్రావకం సందుల్లోంచి స్విచ్చుల్లోకి, వైర్లలోకి దిగుతుంది. రెండోది, బిగించి ఉన్న ప్లాస్టిక్ మీద లాగుడు ఉంటుంది. లాగుడులో ఉన్న ప్లాస్టిక్‌కు ద్రావకం తగిలితే, విడిగా ఉన్నప్పుడు ఏమీ కానిది, క్లిప్పుల మొదట్లో, స్క్రూ రంధ్రాల చుట్టూ చిట్లుతుంది. ఆ చీలిక అప్పటికప్పుడు కనపడకపోవచ్చు. వారం తర్వాత గతుకు రోడ్డు మీద క్లిప్పు విరిగినప్పుడు తెలుస్తుంది.

ఇగ్నిషన్ ఆపి బ్యాటరీ నెగటివ్ టెర్మినల్ తీయండి. పది నిమిషాలు ఆగండి, ఎయిర్‌బ్యాగ్ సర్క్యూట్‌లో మిగిలిన చార్జి దిగిపోవాలి. ముందు కనపడని స్క్రూల కోసం వెతకండి: చిన్న ప్లాస్టిక్ మూతల కింద, డోర్ హ్యాండిల్ గుంట అడుగున, రబ్బరు మ్యాట్ కింద. స్క్రూలన్నీ వచ్చాకే ట్రిమ్ పనిముట్టును క్లిప్పు పక్కన దూర్చి లేపాలి. ఎండలో నిలిపిన కారైతే క్లిప్పులు మెత్తబడి ఉంటాయి, చలికాలం పొద్దున విరుగుతాయి. ప్రతి దశలో ఫోన్‌తో ఒక ఫొటో తీసి పెట్టుకోండి.

ప్యానెల్ మీద ఉన్న స్విచ్చులు, ఇనుప క్లిప్పులు, రబ్బరు, స్పాంజి పట్టీలు అన్నీ విడదీసి గోరువెచ్చటి సబ్బు నీళ్లతో కడిగి ఆరబెట్టండి. ఏళ్ల తరబడి రాసిన డ్యాష్‌బోర్డ్ పాలిష్ పొర ఐపీఏను పెయింట్ దాకా పోనివ్వదు. ఈ కడుగుడు తప్పించుకుంటే తర్వాత రెట్టింపు ద్రావకం ఖర్చవుతుంది.

స్ప్రే డబ్బా పెయింట్ తీయడం

ఇందులో కిటుకంతా ఐపీఏ ఆరిపోకుండా చూడటంలో ఉంది. వేసవిలో గుడ్డ మీద వేసిన ఐపీఏ పెయింట్‌ను మెత్తబరిచేలోపే ఎగిరిపోతుంది. అప్పుడు మనం చేసేదల్లా ఒట్టి రుద్దుడే. రుద్దుడు వల్ల గ్రెయిన్ అరుగుతుంది, పెయింట్ మిగులుతుంది. పొద్దున్నే కానీ, సాయంత్రం కానీ, నీడలో చేయండి.

1. టిష్యూ పేపర్ రెండు మడతలు ప్యానెల్ మీద పరచండి. జానెడు పొడవు, జానెడు వెడల్పుకు మించి ఒకేసారి తీసుకోవద్దు.

2. దాని మీద ఐపీఏ పోయండి. పేపర్ పూర్తిగా తడిసి ప్యానెల్‌కు అంటుకోవాలి, కిందికి కారకూడదు. ఆ మేరకు 20 నుంచి 30 మిల్లీలీటర్లు పడుతుంది.

3. వెంటనే క్లింగ్ ఫిల్మ్ చుట్టి గాలి బుడగలు లేకుండా వేళ్లతో ఒత్తండి. బుడగ ఉన్నచోట పేపర్ లేచి ఆరిపోతుంది, అక్కడి పెయింట్ ద్వీపంలా మిగిలిపోతుంది.

4. ఏబీఎస్, పీపీ, నైలాన్ అయితే 15 నిమిషాలు, పీసీ+ఏబీఎస్ అయితే 5 నిమిషాలు ఆగండి. మొదటిసారి ఏదైనా సరే ఐదో నిమిషంలో ఒక మూల ఎత్తి చూడండి.

5. ఫిల్మ్ తీయగానే పెయింట్ ముడతలు పడి, పాల మీద మీగడలా కదులుతూ కనపడాలి. ఏటీఎం కార్డును 30 డిగ్రీల వాలులో పట్టి ఒకే దిశలో నెట్టండి. మూలల్లో ఐస్‌క్రీమ్ పుల్ల.

6. మిగిలిన పలుచని రంగును తడి గుడ్డతో ఒక్కసారి తుడిచి, గుడ్డ మడత మార్చండి. మళ్లీ తుడిచి, మళ్లీ మార్చండి. అదే మడతతో రెండోసారి తుడిస్తే ఇందాక ఎత్తిన రంగునే మళ్లీ పూసినట్టవుతుంది. బనీన్ వేస్ట్ కిలో అడిగింది ఇందుకే.

7. గ్రెయిన్ గుంతల్లో దాగిన రంగుకు టూత్ బ్రష్‌ను ఐపీఏలో ముంచి అరచేతంత మేర గుండ్రంగా తిప్పండి. రంగు కరిగి నీళ్లలా అవగానే, ఆరేలోపు, టిష్యూ అద్ది పైకి పీల్చండి. ఇక్కడ తుడవకూడదు, అద్దాలి. తుడిస్తే కరిగిన రంగు పక్క గుంతలోకి దిగుతుంది.

8. పొరలు ఎక్కువుంటే మొత్తం మళ్లీ చేయండి. మూడు విడతలు పట్టడం మామూలే.

రెండు విడతల తర్వాత కూడా పెయింట్ ముడత పడకపోతే బలమైన ద్రావకం వైపు చేయి చాచకండి. అది టూకే అయి ఉంటుంది, దాని సంగతి కింద ఉంది.

బంకగా మారిన సాఫ్ట్ టచ్ పూత

ఇది ఎవరూ కొట్టిన పెయింట్ కాదు, కంపెనీ నుంచే వచ్చింది. ముట్టుకుంటే మెత్తగా, వెల్వెట్‌లా ఉండాలని గట్టి ప్లాస్టిక్ మీద వేసే పాలీయూరిథేన్ పూత. 1990ల చివర, 2000లలో యూరప్ కార్లలో విపరీతంగా వాడారు. కోట్ల ఖరీదు చేసే ఫెరారీ 360, ఎఫ్430 కార్ల మీటలు కూడా ఇదే జబ్బుతో బంకెక్కాయి. గాలిలోని తేమ, వేడి కలిసి ఆ పూతలోని గొలుసులను తెంచుతాయి. గట్టిగా ఉండాల్సింది మళ్లీ జిగురవుతుంది. చేతి చెమట, కొబ్బరి నూనె, డ్యాష్‌బోర్డ్ పాలిష్ దానికి తోడవుతాయి. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం లాంటి సముద్రపు ఊళ్లలో ఏడాదంతా తేమే కాబట్టి అక్కడి కార్లకు ఇది త్వరగా వస్తుంది.

డోర్ పట్టుకునే హ్యాండిల్ మీద దుమ్ము, వెంట్రుకలు, చేతి వేలిముద్రలు అతుక్కుని నల్లటి మట్టిలా కనపడితే ఇదే. గోటితో గీస్తే నల్లటి నలుగులా చుట్టుకుని వస్తుంది. టాల్కం పౌడర్ చల్లితే రెండు రోజులు బంక ఆగుతుంది, మూడో రోజు పౌడర్‌తో సహా బంకవుతుంది. దీనికి మందు లేదు. పూత మొత్తం తీసేయడమే.

మంచి సంగతేమిటంటే చెడిన సాఫ్ట్ టచ్ ఐపీఏకి ఇట్టే లొంగుతుంది, కింద సాధారణంగా చక్కటి నల్ల ప్లాస్టిక్ ఉంటుంది. చెడ్డ సంగతి, అది కరగదు, ఉబ్బుతుంది. గుడ్డతో తుడిస్తే తారులా పరుచుకుంటుంది. అందుకని ఇక్కడ వరస తిరగబడుతుంది: ముందు గీకుడు, తర్వాత తుడుపు.

పైన చెప్పినట్టే టిష్యూ, ఐపీఏ, ఫిల్మ్ చుట్టి పది నిమిషాలు ఉంచండి. ఫిల్మ్ మొత్తం ఒకేసారి విప్పకుండా నాలుగు వేళ్ల మేర విప్పి, ఆ మేర కార్డుతో గీకి, వచ్చిన గుజ్జును టిష్యూకు తుడిచి, అప్పుడు మరో నాలుగు వేళ్లు విప్పండి. మొత్తం విప్పితే చివరికి వచ్చేసరికి మళ్లీ బిగుసుకుంటుంది. దళసరి పూత పోయాకే గుడ్డ. ఒక డోర్ హ్యాండిల్‌కు అటూఇటూగా అరగంట, 60 నుంచి 80 మిల్లీలీటర్లు అనుకోండి.

పూర్తయిందని ఎలా తెలుస్తుంది? ఆరాక గ్లవ్స్ తీసి పొడి వేలిని నొక్కి లాగండి. వేలు జారాలి. కాస్త పట్టినా పలుచని పొర ఇంకా ఉన్నట్టే. దాన్ని వదిలేసి బిగిస్తే మొదటి వేసవిలోనే బంక తిరిగొస్తుంది. ఆ చివరి పొరకు ఐపీఏ తుడుపు తర్వాత గోరువెచ్చటి సబ్బు నీళ్లు, టూత్ బ్రష్ వేసి కడిగితే తేట పడుతుంది.

సాఫ్ట్ టచ్ వేసిన మీటలకు మాత్రం ఇంకో నియమం. గుర్తు ముద్ర ఆ పూత మీదే ఉండొచ్చు. చెవిపుల్లతో మీట అంచున మొదలుపెట్టి, గుర్తు దగ్గరికి రాకముందే ఆగి చూడండి. పుల్లకు తెల్ల రంగు అంటుతుంటే అక్కడితో సరి. గుర్తు చుట్టూ బంకను ఒదిలేయడమో, మీట మార్చడమో ఎంచుకోవాలి.

ఆయిల్ పెయింట్ వేసి ఉంటే

బ్రష్‌తో వేసిన ఎనామిల్ పెయింట్‌ను ఐపీఏ పెద్దగా కదపదు, కాస్టిక్ సోడా కదుపుతుంది. నూనెను సబ్బుగా మార్చే గుణమే ఇక్కడ పనిచేస్తుంది. ఏబీఎస్, పీపీ రెండూ దీన్ని తట్టుకుంటాయి. పేరులో పీసీ ఉంటే వద్దు. వెనక రాసి లేకపోతే, అసిటోన్ పరీక్షలో కరిగినది పీసీ కలిసినదో కాదో తెలియదు కాబట్టి అప్పుడూ వద్దు.

ప్లాస్టిక్ బకెట్‌లో ప్రతి లీటరు చన్నీళ్లకు 50 గ్రాముల కాస్టిక్ సోడా పలుకులు కొద్దికొద్దిగా వేస్తూ కర్రతో కలపండి. నీళ్లలో సోడా వేయాలి, సోడా మీద నీళ్లు పోయకూడదు. పోస్తే ఒక్కసారిగా కాగి ముఖం మీదికి చిందుతుంది. అల్యూమినియం గిన్నె దగ్గరికి రానివ్వద్దు, సోడా దాన్ని తినేసి మండే వాయువు వదులుతుంది. ఇదే కారణంతో ప్యానెల్ మీద లోహపు ముక్క ఏదీ ఉండకూడదు. కళ్లద్దాలు, మోచేతి దాకా గ్లవ్స్ తప్పనిసరి.

ప్యానెల్ ముంచి అరగంటకోసారి నైలాన్ బ్రష్‌తో రుద్ది చూడండి. రెండు నుంచి నాలుగు గంటల్లో పెయింట్ జారుడుగా మారి ఊడుతుంది. బాగా కడిగి, బకెట్ నీళ్లలో గ్లాసు వెనిగర్ పోసి ఒకసారి ముంచి, మళ్లీ మంచినీళ్లతో కడగండి. వేలికి జారుడు తగలకపోతే సోడా పోయినట్టు. చర్మం మీద పడితే కుళాయి కింద 20 నిమిషాలు ధారగా కడగాలి. నిమ్మకాయ, వెనిగర్ చర్మానికి రాయకండి. కంట్లో పడితే అలాగే కడుగుతూ వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

గోడ రంగు చుక్కల సంగతి చిన్నదే. గోరువెచ్చటి సబ్బు నీళ్ల గుడ్డ పది నిమిషాలు వేసి ఉంచి, ఐస్‌క్రీమ్ పుల్లతో లేపితే ఎక్కువ భాగం వస్తుంది. మిగిలిన తెల్ల మరకకు ఐపీఏ చెవిపుల్ల.

కదలని టూకే పెయింట్

హార్డెనర్ కలిసిన పెయింట్‌ను కరిగించేది ఏదైనా దాని కింది ఏబీఎస్‌ను అంతకంటే ముందు కరిగిస్తుంది. షాపులో దొరికే పెయింట్ రిమూవర్ జెల్ రేకు మీద అద్భుతంగా పొక్కులు లేపుతుంది, ఏబీఎస్ మీద ప్యానెల్‌నే గుజ్జు చేస్తుంది. బ్రేక్ ఆయిల్ వాడమనే సలహా కూడా వినపడుతుంటుంది. అది కొన్ని పెయింట్లను లేపే మాట నిజం. కానీ పాలీకార్బొనేట్ కలిసిన ప్యానెళ్లను చిట్లిస్తుంది, సందుల్లో ఇంకి ఉండిపోయి తర్వాత వేసే రంగును పొక్కులు పొక్కులుగా లేపుతుంది. హీట్ గన్ వద్దు. ఏబీఎస్ వంద డిగ్రీల చుట్టుపక్కలే మెత్తబడుతుంది, గన్ మూతి దగ్గర వేడి దానికి కొన్ని రెట్లు.

కాబట్టి గీకుడు కాగితమే (శాండ్ పేపర్) మిగిలింది, అదీ గ్రెయిన్ లేని నున్నటి ప్యానెళ్లకు. 400 నంబర్ వాటర్ పేపర్‌ను రబ్బరు దిమ్మకు చుట్టి, సబ్బు నీళ్లు చల్లుకుంటూ ఒకే దిశలో. కింది ప్లాస్టిక్ రంగు అక్కడక్కడా తొంగిచూడగానే 600కు మారండి, తర్వాత 1000. అంచుల మీద దిమ్మ తీసేసి వేళ్లతో, చాలా తేలిగ్గా. అంచు దగ్గర పెయింట్ పలుచన, ప్లాస్టిక్ త్వరగా అరుగుతుంది.

గ్రెయిన్ ఉన్న ప్యానెల్ మీద టూకే పడి ఉంటే తీయొద్దనే మా సలహా. ఆ గీతలే ఆ ప్యానెల్ అందం, కాగితం వాటిని తినేస్తుంది. పెయింట్ గట్టిగా ఉంటే గరుకు నైలాన్ ప్యాడ్‌తో మెరుపు చంపి దాని మీదే కావలసిన రంగు వేయించండి. ఊడుతూ ఉంటే సెకండ్ హ్యాండ్ ప్యానెల్ కొనండి. హైదరాబాద్ పుత్లీబౌలీలోనో, మీ ఊరి ఆటోనగర్‌లోనో అడిగి చూస్తే చాలా మోడళ్లకు దొరుకుతుంది.

చెడిందంటే ఎందుకు చెడింది

ఆరాక తెల్లటి పొగమంచులా కనపడితే, అది ఎక్కువగా గ్రెయిన్‌లో మిగిలిన పెయింట్ తెట్టె. తడిపితే మాయమై ఆరితే తిరిగొస్తుంది. బ్రష్, అద్దుడు దశ మళ్లీ చేయండి. తడిపినా మాయం కాకపోతే ప్లాస్టిక్ పైపొరే గీసుకుపోయింది.

ఒకచోట మెరుపు, పక్కన మాట్ అయితే బలమైన ద్రావకం తగిలిన గుర్తు, లేదా మ్యాజిక్ స్పాంజి అనే తెల్ల మెలమైన్ స్పాంజితో రుద్దిన గుర్తు. అది స్పాంజిలా కనపడే గీకుడు కాగితమే. నున్నటి ప్యానెల్ అయితే మొత్తం 1000 నంబర్‌తో సమం చేయవచ్చు. గ్రెయిన్ ప్యానెల్ అయితే మాట్ రంగు వేయడం తప్ప మార్గం లేదు.

పెయింట్ కింద ప్లాస్టిక్ చుట్టుపక్కల కంటే ముదురుగా ఉంటే కంగారు పడకండి. చుట్టూ ఉన్నది ఎండకు వెలిసింది, పెయింట్ కిందది అసలు రంగు.

తీశాక

సబ్బు నీళ్లతో చివరిసారి కడిగి నీడలో ఒక రోజు వదిలేయండి. ద్రావకం పూర్తిగా విడవకముందే బిగిస్తే క్లిప్పుల దగ్గర చిట్లే ప్రమాదం, రంగు వేస్తే పొక్కులు. మర్నాడు టార్చ్ లైటును ప్యానెల్‌కు పక్కవాటుగా పట్టి క్లిప్పుల మొదళ్లు, స్క్రూ రంధ్రాలు పరీక్షించండి. వెంట్రుకంత చీలిక ఉంటే ఆ వెనకవైపు ఎపాక్సీ జిగురు పెట్టి బలపరచండి.

కింది ప్లాస్టిక్ బాగుంటే మళ్లీ రంగు వేయకండి. అచ్చులోనే రంగు కలిసిన ప్లాస్టిక్ గీతపడినా కింద వేరే రంగు బయటపడదు, పెచ్చు ఊడదు. నీటి ఆధారిత ట్రిమ్ డ్రెస్సింగ్ పలుచగా రాసి, పది నిమిషాలకు పొడి గుడ్డతో తుడిస్తే చాలు. రంగు వేయాల్సిందే అనుకుంటే సిలికాన్ ఉన్న పాలిష్ ఏదీ తగలనివ్వకండి. పీపీ అయితే ముందు అడ్హీషన్ ప్రమోటర్ ఒక పలుచని కోటు, దాని డబ్బా మీద రాసిన గడువులోపే రంగు. రంగు మూడు పలుచని కోట్లు, మధ్యలో పదేసి నిమిషాలు.

వాడిన గుడ్డలు, టిష్యూలు ఉండచుట్టి చెత్తబుట్టలో పడేయకుండా ఆరుబయట పరిచి పూర్తిగా ఆరాక పారేయండి. గుజ్జు కాలువలో పోయవద్దు.

ప్యానెల్ బిగించి, కనెక్టర్లన్నీ టక్కుమనే దాకా నొక్కి, ఆఖరున బ్యాటరీ కలపండి. ఇగ్నిషన్ ఆన్ చేయగానే ఎయిర్‌బ్యాగ్ దీపం వెలిగి కొద్ది సెకన్లలో ఆరిపోవాలి. ఆరకపోతే ఏదో కనెక్టర్ సరిగా కూర్చోలేదు. మీరే మళ్లీ విప్పి తడమకుండా సర్వీస్ సెంటర్‌లో స్కానర్ పెట్టించండి.